గుడారం కచేరీ

మధుర, దిండిగల్లు, కోయంబత్తూరు వైపు పల్లెల్లో తరతరాలుగా ఉంటున్న, తెలుగు మాట్లాడే రాజకంబళం వాళ్లను తమిళులు తొట్టియ నాయక్కర్లంటారు. వాళ్లు కులపంచాయతీ పెట్టినప్పుడు ముందుగా ఒక కంబళి పరిచేవారు. దాని మీద నీళ్లు నింపిన ఇత్తడి కలశం, అందులో వేపాకు, చుట్టూ పూలు, మూతి మీద మామిడాకులు, కొబ్బరికాయ. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చు వేసిన కులాల గ్రంథంలో ఈ సంగతి రాసి, కంబళం అన్న పేరే ఈ కంబళి వల్ల వచ్చిందన్నాడు. పేరు పుట్టుక ఎలాగున్నా ఆ ఏర్పాటు మాత్రం ముచ్చటైనది. కంబళి పరిస్తే న్యాయస్థానం, దులిపి భుజాన వేసుకుంటే మళ్లీ మామూలు కంబళి. మందల వెంట, కొత్త నేలల వెంట దక్షిణానికి నడిచి వచ్చినవాళ్లకు అంతకన్నా అనువైన కోర్టు ఏముంటుంది?

అయితే కంబళి మీద తేలేవి ఇంటి తగవులే. పెళ్లి, పొత్తు, పశువు, పరువు. ఎదుటివాడు పన్ను వసూలు చేసేవాడో, పాళెగాడో, కావలివాడో అయితే కంబళి చాలదు. అప్పుడు మొర ఎక్కడ పెట్టుకోవాలి? దొర దగ్గరికి మనం పోవాలా, దొరే మన ఊరికి వస్తాడా? వచ్చినవాడు ఎవరి మనిషి? మధుర, కోయంబత్తూరు తెలుగువారి చరిత్ర మీద ఇప్పటిదాకా వచ్చిన రాతలను ఈ ప్రశ్న చేతబట్టుకుని చదివితే, వంశావళుల వరుస చదివినప్పుడు కనపడని దారి ఒకటి కనపడుతుంది.

అసలు మధురలో తెలుగు దొరతనం మొదలైన కథే ఒక ఫిర్యాదు కథ. చోళరాజు తన రాజ్యం లాక్కున్నాడని పాండ్యుడు విజయనగరం వెళ్లి మొర పెట్టుకున్నాడట. రాయలు నాగమనాయకుణ్ణి పంపాడట. నాగముడు చోళుణ్ణి ఓడించి, మధురను పాండ్యుడికి ఇవ్వకుండా తానే కూర్చున్నాడట. పాండ్యుడు రెండోసారి మొర పెట్టుకుంటే, తండ్రిని పట్టి తెస్తానని కొడుకు విశ్వనాథుడే లేచాడట. తెచ్చాడు, రాయలు క్షమించాడు, చివరికి మధుర విశ్వనాథుడికే దక్కింది. 1529 ప్రాంతంలో మొదలైందని చెప్పే మధుర నాయకుల పాలనకు ఇది పునాది కథ. విలియం టేలర్ 1835లో అచ్చు వేసిన రాతప్రతులు మొదలు నెల్సన్ మధుర జిల్లా గ్రంథం (1868), సత్యనాథ అయ్యర్ నాయకుల చరిత్ర (1924) దాకా అందరూ దీన్ని చెప్పారు, అందరూ కొంత అనుమానంతోనే చెప్పారు. అది జరిగిందా లేదా అన్నదాని కన్నా నాకు ఆసక్తి కలిగించేది ఫిర్యాదు చేసినవాడికి ఏమీ దక్కకపోవడం. విచారణకు వెళ్లినవాడు ఆస్తిని ఉంచుకున్నాడు. నాయకుల ఆస్థాన చరిత్రకారులు ఈ కథను దాచలేదు, విశ్వనాథుడి స్వామిభక్తి కింద గర్వంగా రాసుకున్నారు.

విశ్వనాథుడు, అతని దళవాయి అరియనాథ మొదలియారు కలిసి దేశాన్ని 72 పాళేలుగా పంచారని ప్రసిద్ధి. మధుర కోటకు 72 బురుజులు, బురుజుకొక పాళెగాడు. చాలా పాళేలు తెలుగు నాయకుల చేతికి వచ్చాయి. ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి, విరూపాక్షి, ఉడుమలపేట దగ్గరి తళి అలాంటివే. పన్ను, సైన్యం, కావలి, తగవు అన్నీ పాళెగాడివే. అంటే మొర వినవలసినవాడూ, ఎవరి మీద మొర ఉంటుందో వాడూ చాలాసార్లు ఒక్కడే. మీద ఉన్న మధుర దొర దగ్గరికి పోవచ్చు, కాని దారి దూరం, దాని కన్నా ద్వారం దూరం.

దొర దగ్గరికి చేరిన మొర ఒకటి మిగిలింది. రాణి మంగమ్మ (1689–1706) కాలంలో మధుర పట్టు నేతగాళ్లైన సౌరాష్ట్రులు బ్రాహ్మణుల్లా ఉపాకర్మ చేసుకున్నారని నగరాధికారి 18 మందిని పట్టించాడు. రాణి శాస్త్రం తెలిసినవారిని కూర్చోబెట్టి విచారణ చేయించి, వాళ్లకు ఆ హక్కు ఉందని తేల్చి తాటాకు మీద రాయించి ఇచ్చింది. తన అధికారి చేసిన పని తప్పని దొరే రాతపూర్వకంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కాని వాళ్లు మధుర నగరంలో ఉన్నవాళ్లు, కోటకు కూతవేటు దూరంలో మగ్గం నేసేవాళ్లు. కోయంబత్తూరు వైపు కొంగునాటి నల్లరేగడిలో పత్తి వేసుకునే కమ్మవారికో, దేవాంగ నేతగాడికో ఆ ద్వారం అంత దగ్గర కాదు. పైగా ఆ శతాబ్దం ముగిసేనాటికి కొంగునాడు చాలామటుకు మైసూరు చేతికి పోయింది.

ఇక్కడ ఆధారాల గురించి ఒక మాట చెప్పాలి. దక్షిణాదిలో గెలిచిన మొర మాత్రమే రాయి మీదికో రాగిరేకు మీదికో ఎక్కుతుంది. గెలిచినవాడు దాన్ని దాచుకుంటాడు. విజయనగర అధికారుల పన్నుల బాధ పడలేక కుడిచేతి, ఎడమచేతి కులాలవాళ్లు ఏకమై ఏ పన్ను ఎంత కడతామో తామే ప్రకటించుకున్న 1429 నాటి శాసనాలు తంజావూరు, విరుద్ధాచలం వైపు గుడిగోడల మీద ఉన్నాయి. జపాన్ పండితుడు నొబోరు కరషిమా వాటిని విడమరచి చూపాడు. అవి దొరకబట్టి ఆ కోపం మనకు తెలిసింది. ఓడినవాళ్ల మాట ఏ గుడిగోడా మోయలేదు.

ఇంగ్లండులో అది మిగిలింది. 12, 13వ శతాబ్దాల్లో అక్కడి రాజు న్యాయమూర్తులను జిల్లా తర్వాత జిల్లాకు పంపేవాడు. రెండవ హెన్రీ 1166లో మొదలుపెట్టిన పద్ధతి 1176కల్లా ఆరు మండలాలకు ముగ్గురేసి న్యాయమూర్తులతో కుదురుకుంది. కొన్నేళ్లకొకసారి ఆ గుంపు జిల్లాకు వచ్చి దిగితే జిల్లాలోని చిన్న భాగమైన ప్రతి ఫిర్కా నుంచి 12 మంది ప్రమాణం చేసి నిలబడి, పోయినసారి నుంచి ఇప్పటిదాకా జరిగిన చావులు, దొంగతనాలు, లంచాలు, రాజుకు రావలసి రాని డబ్బు అన్నీ చెప్పుకోవాలి. షెరీఫు, అంటే ఇంచుమించు మన కలెక్టరు లాంటివాడు, తన లెక్కలతో సహా వచ్చి నిలబడాలి. అతని మీదే జనం ఫిర్యాదులు చేయవచ్చు. రాజముద్ర ఉన్న పత్రం కొనుక్కునే స్తోమత లేనివాళ్లు నోటిమాటతో, 1278 తర్వాత చిన్న తోలు చీటీ మీద రాయించుకుని ఇచ్చే మొరలు కూడా తీసుకునేవారు. 1292లో ష్రాప్‌షైర్ జిల్లాలో ఇచ్చిన అలాంటి చీటీలు ఇవాళ్టికీ ఉన్నాయి. ధనవంతుడి ముందు తన గోడు వినేవాడు లేడని, దేవుడూ మీరూ తప్ప దిక్కు లేదని గుక్కపట్టి ఏడ్చే పేదల గొంతులు వాటిలో ఉన్నాయి. గెలిచారో లేదో, గొంతు మాత్రం నిలిచింది.

అలాగని దాన్ని ధర్మరాజు సభ అనుకోవద్దు. ఆ కోర్టు రాజు ఖజానాకు పాడి ఆవు. తప్పు చెప్పినా జరిమానా, చెప్పకపోయినా జరిమానా. 1233లో న్యాయమూర్తులు వస్తున్నారని తెలిసి కార్న్‌వాల్ జనం అడవుల్లోకి పారిపోయారు. మన పల్లెల్లో అమల్దారు వస్తున్నాడంటే పశువులు తోలుకుని పొరుగు సీమకు పోయిన రైతులను తలుచుకుంటే ఇది కొత్తగా అనిపించదు. 1294లో ఫ్రాన్సుతో యుద్ధం పేరు చెప్పి ఆ పెద్ద తిరుగుడును ఆపేశారు, ఆ తర్వాత అప్పుడప్పుడు మాత్రమే తిరిగింది. దాని చిన్న తోబుట్టువైన అసైజు కోర్టు మాత్రం 1972 దాకా ఊళ్లు తిరిగింది.

రెండు దేశాలకూ పోలిక వెతికితే కావలి పద్ధతిలో దొరుకుతుంది. మధుర, తిరునెల్వేలి సీమల్లో కావలివాడికి ఊరు ధాన్యం కొలిచి ఇచ్చేది. దొంగతనం జరిగితే సొత్తు పట్టి తేవాలి, తేలేకపోతే విలువ కట్టి ఇవ్వాలి. ఇంగ్లండులో 1285 శాసనం దోపిడీ సొమ్ముకు ఆ ఫిర్కా జనమంతా బాధ్యులన్నది. ఇక్కడ కూలి తీసుకున్నవాడి నెత్తిన పెడితే అక్కడ అందరి నెత్తినా పెట్టారు. కావలివాడే దొంగ అయితే ఎలా అన్న ప్రశ్నకు మాత్రం ఇక్కడి పద్ధతిలో జవాబు లేదు. అక్కడ ఏళ్ల తరబడి ఆలస్యమైనా, పైనుంచి ఒకడు వచ్చి అడిగేవాడు.

అడిగేవాడు లేనప్పుడు ఊరే దొర అవుతుంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో కమ్మవారింట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన ‘గోపల్ల గ్రామం’ (1976) నవలలో ఆంధ్రదేశం నుంచి పారిపోయి వచ్చిన తెలుగువాళ్లు అడవి కొట్టి ఊరు కడతారు. నగల కోసం ఒక ఆడమనిషిని చంపిన దొంగ వాళ్లకు చిక్కితే శిక్ష ఊరే వేస్తుంది, అది కూడా కొరత. నవల చరిత్ర కాదు, నిజమే. కాని దొర దూరంగా ఉన్న పల్లెలో న్యాయం ఎంత దగ్గరగా, ఎంత క్రూరంగా ఉండగలదో ఏ శాసనమూ ఇంత బాగా చెప్పలేదు. చివర్లో తెల్లవాళ్ల రాజ్యం ఆ ఊరి మీదికి నీడలా వస్తుంది.

ఆ తెల్లవాళ్లు వచ్చిన కొత్తలోనే ఈ ప్రశ్న మొత్తానికి తలమానికం లాంటి ఘటన జరిగింది. పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాట్లాడే రాజకంబళం వాడు. గెట్టిబొమ్ము అన్న తెలుగు పేరే తమిళుల నోట కట్టబొమ్మన్ అయిందని చెబుతారు. కప్పం బాకీ గురించి 1798లో ఈస్టిండియా కంపెనీ కలెక్టరు జాక్సన్ రామనాథపురానికి రమ్మని తాఖీదు పంపాడు. జాక్సన్ అప్పటికి పాళేల్లో పర్యటనలో ఉన్నాడు. కట్టబొమ్మన కుర్తాళం వెళ్లి కలవబోతే కుదరదన్నాడు. అక్కణ్ణుంచి దొర గుడారం ఎక్కడికి కదిలితే ఈయన అక్కడికి, శ్రీవిల్లిపుత్తూరు మీదుగా రామనాథపురం దాకా 23 రోజులు, 400 మైళ్లు తిరిగాడని కథనం. సెప్టెంబరులో కలిశాక గంటల తరబడి నిలబెట్టి ప్రశ్నించారు. బయటికి పోవద్దనడంతో తోపులాటయ్యి లెఫ్టినెంటు క్లార్కు చనిపోయాడు. కట్టబొమ్మన తప్పించుకున్నాడు గాని అతని మంత్రి సుబ్రహ్మణ్య పిళ్లె పట్టుబడ్డాడు.

తర్వాత జరిగింది సినిమాల్లో అంతగా కనపడదు. కట్టబొమ్మన మద్రాసు ప్రభుత్వానికి అర్జీ పెట్టాడు. కంపెనీ విచారణ సంఘం వేసింది. సంఘం తప్పు జాక్సన్‌దేనన్నది. పిళ్లెను విడిచిపెట్టారు, జాక్సన్‌ను తీసేసి లషింగ్‌టన్‌ను కలెక్టరుగా పంపారు. ఒక తెలుగు పాళెగాడు తిరిగే కచేరీ మీదే ఫిర్యాదు చేసి గెలిచాడు! ఏడాది తిరక్కుండానే, 1799 అక్టోబరులో, కయత్తారులో మేజర్ బానర్‌మన్ ఇతర పాళెగాళ్లను వరసగా కూర్చోబెట్టి, వాళ్ల ఎదుట విచారణ అనిపించి అతన్నే ఉరి తీయించాడు. అర్జీ గెలిచినా అర్జీదారు మిగల్లేదు. వీరుడి కథ చెప్పేవాళ్లు ఉరి దగ్గర ఆగుతారు, సామ్రాజ్యం కథ చెప్పేవాళ్లు కప్పం బాకీ దగ్గర ఆగుతారు. మధ్యలో ఉన్న ఆ గెలిచిన అర్జీని కె. రాజయ్యన్ వంటి కొద్దిమంది చరిత్రకారులే నిలిచి చూశారు.

దొర వెంట తిరగడం మనవాళ్లకే పట్టిన గతి కాదు. ఇంగ్లండులో రిచర్డ్ ఆఫ్ ఆన్‌స్టీ అనేవాడు 1158 నుంచి 1163 దాకా ఒక వారసత్వ దావా కోసం రెండవ హెన్రీ వెంట ఊరూరా తిరిగాడు, సముద్రం దాటి ఫ్రాన్సుకూ పోయాడు. గుర్రాలకు ఎంతైంది, వడ్డీకి ఎంత తెచ్చాడు, ఎవరికి ఏం ఇచ్చాడు అన్నీ రాసి పెట్టుకున్నాడు. ఆ తిప్పలు చూసే 1215 మాగ్నా కార్టాలో మామూలు దావాలు రాజు వెంట తిరక్కూడదు, ఒక స్థిరమైన చోట జరగాలి అని రాయించుకున్నారు. వినేవాడు తిరగాలి, విన్నవించుకునేవాడు తిరక్కూడదు అన్న తేడా అక్కడివాళ్లకు అర్థం కావడానికి యాభై ఏళ్లు పట్టింది. జాక్సన్‌కు ఆ ముక్క చెప్పినవాళ్లు లేరు.

పాళెగాళ్లను అణిచాక కంపెనీ జడ్జీలను ఊళ్లు తిప్పే ఆ ఇంగ్లీషు అలవాటునే మద్రాసు రాజధానిలోకి తెచ్చింది. 1802లో నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులు పెట్టారు. మచిలీపట్నం, చిత్తూరు, తిరుచిరాపల్లి, తలిచ్చేరి. వాటి జడ్జీలు ఏటా రెండుసార్లు జిల్లాలు తిరిగి పెద్ద నేరాలు విచారించాలి. పల్లకీలు, గుడారాలు, బంట్రోతులతో సర్క్యూట్ కోర్టు వస్తుందంటే ఊళ్లకు జాతర. కాని ఆ గుడారంలో నడిచిన వ్యవహారం చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు తమిళంలో చెబితే దుబాసీ ఇంగ్లీషులో చెప్పాలి, నేరస్మృతి ఇస్లామిక్ ధర్మశాస్త్రం కాబట్టి కాజీ ఫత్వా ఇవ్వాలి, తీర్పు ఇంగ్లీషు జడ్జి చెప్పాలి. ఇన్ని చేతులు మారి వచ్చిన గోడు గోడుగానే ఉంటుందా? పైగా ఈ గుడారంలో నేరస్థుల విచారణే తప్ప, కచేరీ నౌకర్లు ఎలా ఉన్నారని ఊరిని పిలిచి అడగడం లేదు. ఇంగ్లండు పద్ధతిలో పనికొచ్చే సగాన్ని ఓడ ఎక్కించలేదు. 1843లో ఆ కోర్టులు రద్దయ్యాయి.

పనికొచ్చే సగం లేకపోతే ఏమవుతుందో కోయంబత్తూరులో తేలింది. గారో అనే కలెక్టరు దగ్గర కాశీ చెట్టి ఖజాంచీ. ఏళ్ల తరబడి జిల్లా వసూళ్లు, వ్యాపారం అతని గుప్పెట్లో నడిచాయి. కచేరీ నౌకర్లంతా అతని మనుషులు. ఎవరైనా అర్జీ పెడితే అది తిరిగి వాళ్ల చేతికే వస్తుంది. చివరికి థామస్ మన్రో, కొత్త కలెక్టరు జాన్ సలివన్ కలిసి 1816లో విచారణకు దిగితే మోసం బయటపడింది. విచిత్రమేమిటంటే అదే 1816లో, అదే మన్రో తయారు చేసిన శాసనాలతో పోలీసు, మేజిస్ట్రేటు అధికారాలు కలెక్టరుకు దఖలయ్యాయి. గ్రామ మునసబు 10 రూపాయల లోపు దావాలు వినవచ్చునని, ఊరి పంచాయతీలకు తగవులు ఒప్పగించవచ్చునని కూడా వాటిలో ఉంది. ఆ పంచాయతీలను జనం పెద్దగా వాడుకోలేదు. రాయలసీమలో రైతుల మధ్య గుడారాల్లోనే ఏళ్లు గడిపి, వాళ్ల మాట వినడం బాగా తెలిసిన మనిషి మన్రో. మంచి కలెక్టరు ఉంటే ఒకే చేతిలో అన్నీ ఉండటం జనానికి మేలనుకున్నాడు. కోయంబత్తూరు దస్తావేజులు చేతిలో ఉండగా అలా అనుకోవడం నాకు మింగుడుపడదు.

ఫలితం 1854లో కనిపించింది. పన్ను వసూలులో చిత్రహింసలున్నాయని లండను పార్లమెంటులో గొడవ కావడంతో మద్రాసులో సంఘం వేశారు. ఇలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులు. మూడు నెలల్లో రెండు వేలకు కాస్త తక్కువగా ఫిర్యాదులొచ్చాయి. వందల మైళ్లు నడిచి వచ్చి చెప్పుకున్నవాళ్లున్నారు. వేళ్లను కిట్టిలో బిగించడం, నడుం వంచి తాడు కట్టి ఎండలో నిలబెట్టడం వంటివి 1855 నివేదికలో వరసగా ఉన్నాయి. పన్నూ పోలీసూ ఒకే మనిషి చేతిలో ఉండటం, దాని మీద చెప్పుకోవడానికి దూరం, ఖర్చు, భయం అడ్డు రావడం అన్నవి సంఘం తేల్చిన కారణాలు. నివేదిక ఇంగ్లీషు అధికారులను చాలావరకు వెనకేసుకొచ్చి నేరమంతా కింది నల్లనౌకర్ల మీద వేసింది. కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్కు పత్రికలో దీని గురించి రాస్తూ సరిగ్గా ఆ కిటుకునే పట్టుకున్నాడు. ఈ మధ్య భవానీ రామన్ (2012) కచేరీ రాయసగాళ్ల లోకాన్ని తవ్వి, అర్జీ రాసేవాడి కలం దగ్గరే న్యాయం ఎంత వంకర తిరిగేదో చూపింది. ఇంతవరకు వచ్చిన పనిలో నాకు బాగా పనికొచ్చింది ఆ పుస్తకమే. అయితే ఆ అర్జీదారుల్లో తెలుగువాళ్లెవరో ఏరడం కష్టం. దస్తావేజుల్లో వాళ్లంతా నాయక్కరు, చెట్టి, రెడ్డి. భాష గడి అందులో లేదు.

మధుర జిల్లా గ్రంథం రాసిన నెల్సనే 1877లో ఇంకో మాట అన్నాడు. కంబళి పరిచి తగవు తీర్చుకునే కులాల మీద మద్రాసు హైకోర్టు సంస్కృత ధర్మశాస్త్రాలను రుద్దుతోందని, వాళ్ల ఆచారమే వాళ్ల చట్టమని పుస్తకమే రాశాడు. హైకోర్టుకు కోపం వచ్చింది. వాదన పూర్తిగా నెగ్గలేదు. ఆచారమంటే పెద్దల మాటేనా, ఆడవాళ్లూ చిన్న కులాలవాళ్లూ దాంట్లో ఎక్కడున్నారు అని అతను కూడా అడగలేదు.

తిరిగే కచేరీ ఇప్పటికీ పోలేదు. రెవెన్యూ లెక్కల ఫసలీ సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది కాబట్టి తమిళనాట ఆ ముందు వారాల్లో ప్రతి తాలూకాలోనూ జమాబందీ జరుగుతుంది. ఊరి లెక్కల తనిఖీ, పట్టాల తగవులు, జనం అర్జీలు. కలెక్టరు పల్లెకు వచ్చి అర్జీలు తీసుకునే ‘మనునీతి నాళ్’ వేరే ఉంది. తిరువారూరులో ఆవు గంట మోగిస్తే కొడుక్కి శిక్ష వేసిన చోళరాజు పేరు అది. అర్జీని తమిళంలో ‘మను’ అంటారు. మన ‘మనవి’ గుర్తొచ్చి తెలుగువాడి చెవికి అది పరాయిమాటలా వినపడదు. జమాబందీకి జనం వస్తారు, పనులూ కొన్ని అవుతాయి. కాని ఇంగ్లండు లెక్కలో చూస్తే షెరీఫే వచ్చి షెరీఫు మీద మొరలు తీసుకుంటున్నాడు. తహసీల్దారు మీద అర్జీ పెట్టినవాడు దాన్ని తహసీల్దారు పక్కన కూర్చున్న పెద్ద అధికారి చేతికే ఇవ్వాలి. కోర్టు సంగతికొస్తే, మధురకు హైకోర్టు బెంచి 2004 జూలైలో వచ్చింది. అప్పటిదాకా కన్యాకుమారి రైతైనా రాత్రి రైలెక్కి మద్రాసు పోవలసిందే.

కోయంబత్తూరు తెలుగువాళ్లు మాత్రం ఒకసారి ఈ లెక్కను తిరగేశారు. సి. నారాయణస్వామి నాయుడు కోయంబత్తూరు దగ్గర వైయంపాళెం కమ్మ రైతు. మోటారు పంపుల కరెంటు రేటు యూనిట్‌కు పైసల్లో పెంచితే, బావుల మీద బతికే కొంగునాటి రైతుకు ఆ పైసలే ఉరితాడని 1970 నుంచి ఉద్యమం నడిపాడు. ఆ ఏడాది జూన్‌లో పెరుమానల్లూరులో పోలీసు కాల్పులకు రైతులు చనిపోయారు. 1972లో వేలాది ఎద్దులబండ్లు కోయంబత్తూరు నగరంలోకి వచ్చి వీధులు నింపేశాయి. కులం, భాష తేడా లేకుండా గౌండర్ల బండ్లూ కమ్మవారి బండ్లూ కలిసే వచ్చాయి. ప్రభుత్వం దిగివచ్చి మాట్లాడింది. నాయుడు ఆ తర్వాత పుష్కరకాలం ఊరూరా తిరుగుతూ రైతుల మొరలు వింటూనే ఉన్నాడు. 1984 డిసెంబరులో అలాంటి పర్యటనలోనే కోవిల్‌పట్టిలో కన్నుమూశాడు. కి. రాజనారాయణన్ ఊరు ఇడైసేవల్ అక్కడికి దగ్గరే. కట్టబొమ్మనను ఉరి తీసిన కయత్తారు కూడా ఆ దారిలోనే.